హస్తవాసి, ఆయుష్షు, అపరాధం

కృష్ణా డెల్టా గ్రామాల నుంచి విజయవాడ సూర్యారావుపేట ఆస్పత్రులకు వచ్చే కుటుంబాలు, రోగి కోలుకుంటే వైద్యుని హస్తవాసి మంచిదనీ, మరణిస్తే ఆయుష్షు తీరిందనీ అనుకోవడం తరతరాలుగా ఉన్నదే. ఈ రెండు మాటలూ దుఃఖాన్ని మోయడానికి సాయపడతాయి గాని, ఫలితాన్ని చేసిన పని నుంచి విడదీసి కంటికి కనబడనిదానికి అప్పగిస్తాయి. వైద్యుడు తప్పు చేశాడా అన్న ప్రశ్నకు వాటిలో చోటు దొరకదు.

మరణమే తప్పుకు నిదర్శనం కాదన్నది నిజం. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాలపై చికిత్స నిలుస్తుందని చరకసంహిత చెబుతుంది. ఏ పాదం కుంటుపడినా ఫలితం చెడవచ్చు కాబట్టి, ఫలితాన్ని బట్టి వైద్యుణ్ని ఒక్కణ్నే తూచడం న్యాయం కాదు. సాధారణ నైపుణ్యం గల వైద్యుడు తీసుకునే జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నదే గీటురాయి అనీ, నేరంగా శిక్షించాలంటే ఆ లోపం తీవ్రమైనదై ఉండాలనీ 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే కర్మపైనే గాని ఫలంపై అధికారం లేదన్న గీతాబోధను తప్పించుకునే దారిగా చదివేవారు, కర్మలోని నేర్పునే యోగమని ఆ అధ్యాయమే నిర్వచించిందన్నది మరచిపోతారు. ఫలం చేతిలో లేనివానికి మిగిలేది పని ఒక్కటే గనుక, ఆ పనిలోని లోపానికి అతడే జవాబు చెప్పాలి.

మరి ఆ పని దానమైతే? విజయవాడకు కృష్ణ ఆవలి ఒడ్డున, మందడం చెంత ఉన్న మల్కాపురంలోని 1261 నాటి శాసనం, విశ్వేశ్వర శివాచార్యుని మఠానికి అనుబంధంగా ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉన్నట్లు చెబుతుంది. అక్కడ చికిత్స ధర్మకార్యం. 1995లో సుప్రీంకోర్టు, అందరికీ పూర్తి ఉచితంగా చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం పరిధి నుంచి మినహాయించినా, ఉచితమైనంత మాత్రాన నిర్లక్ష్యానికి సివిల్ బాధ్యత తొలగదు. ఇది సబబే, రోగి వైద్యునికి అప్పగించేది రుసుమును కాదు, శరీరాన్ని.

అందుకే చెప్పి చేయడం అన్నది ఈ విచారణలో అన్నిటికన్నా బరువైనది. ప్రాణాపాయం గల చికిత్సను ముందుగా తెలపకుండా చేసి, రోగి మరణిస్తే వైద్యునికి పూర్వసాహసం, అంటే మొదటి స్థాయి జరిమానా, చికిత్సలోని పొరపాటే మరణానికి కారణమైతే మధ్యమ జరిమానా అర్థశాస్త్రం విధించింది. ఎవరికి తెలపాలో సూత్రంలో లేదు, రాజాధికారులకని వ్యాఖ్యానించినవారున్నారు. ఏమైనా, తెలపకపోవడం పొరపాటుకు భిన్నమైన అపరాధమని గుర్తించడం అసాధారణమైన సూక్ష్మదృష్టి. 1990లో హైదరాబాదు నిమ్స్‌లో ఛాతీ కణితితో చేరిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, పరీక్ష నిమిత్తం కణజాలం తీసే బయాప్సీకి మాత్రమే సమ్మతించగా, వైద్యులు కణితినే తొలగించారు. ఫలితంగా అతని నడుము కింది భాగం చచ్చుబడింది. అత్యవసర స్థితి లేనప్పుడు సమ్మతిని ఊహించుకోరాదనీ, నరాల శస్త్రవైద్యుణ్ని తోడు తీసుకోకపోవడం నిర్లక్ష్యమేననీ 2009 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, కోటి రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ కోర్టులో తన వాదనను అతడే, చక్రాల కుర్చీలో కూర్చుని వినిపించాడు.