రెండు కరణములు, ఒక్క కర్త

తుని బస్సుస్టాండు పరిసరములలో దరఖాస్తులు నింపిపెట్టు జెరాక్సు దుకాణములందు, అన్నవరము వ్రతపు టిక్కెట్టు కొఱకో ఇంటరు ఫలితము కొఱకో జనులు గుమిగూడియుండగా, ల్యాప్‌టాపు ప్రక్కన విడిగా నొక మౌసు కానవచ్చును. యంత్రముతోపాటే టచ్‌ప్యాడు వచ్చియుండగా ఇదియేల యనినచో, పొద్దస్తమానము ఫారములు నింపువాని చేతికి మౌసే సుఖమని సమాధానము. టైపు చేయునపుడు అరచేతి అంచు టచ్‌ప్యాడునకు సోకి, అభ్యర్థి పేరుండవలసిన గడినుండి తెరమీది బాణపుగుర్తు తండ్రిపేరు గడిలోనికి దుముకుటయు కలదు. అందుచేత కొందరు టచ్‌ప్యాడును ఆపివేయుదురు. మౌసు తగిలించియున్నను టచ్‌ప్యాడు పనిచేయవలెనా యని విండోస్ సెట్టింగులలో నొక గడి కలదు; దానియందలి టిక్కు తీసివేసిన టచ్‌ప్యాడు మౌసు రాకతో మౌనము వహించును, టిక్కు పెట్టిన రెండును పనిచేయును.

రెండును పనిచేయునపుడు జరుగునదియే తత్త్వజిజ్ఞాసువు నిలిచి చూడదగిన విశేషము.

1964లో స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థయందు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహింపగా బిల్ ఇంగ్లిష్ నిర్మించిన మొదటి మౌసు ఒక కొయ్యపెట్టె. దాని యడుగున ఒండొంటికి లంబముగా రెండు చక్రములుండెను. నేటి మౌసు కాంతితో బల్లను పరికించును. టచ్‌ప్యాడు తన పలకయందలి విద్యుత్ క్షేత్రమును వ్రేలు చెదరగొట్టుటను గ్రహించును. మార్గములు వేరైనను, తుదకు వీనినుండి వెలువడు నివేదన ఒక్కటే: కుడికి ఇంత, క్రిందికి ఇంత. బాణము తెరపై ఎచ్చట నున్నదో మౌసు ఎఱుగదు, టచ్‌ప్యాడును ఎఱుగదు. ఆ స్థానమును పట్టియుంచి, ఉభయుల నివేదనలను కలిపి సవరించునది ఆపరేటింగ్ సిస్టమ్. కనుకనే మౌసు కుడికి లాగుచుండగా వ్రేలు ఎడమకు రాచినను కలహము పుట్టదు. కూడికయు తీసివేతయు మాత్రమే జరుగును. మౌసు విడిచిన చోటినుండియే టచ్‌ప్యాడు అందుకొనును.

గౌతముని న్యాయసూత్రములలో మూడవ అధ్యాయము సరిగా, రెండు సాధనములు తెచ్చినదానిని ఒకరు కలుపు ఇట్టి సందర్భముతోనే ఆరంభమగుచున్నది. సంతలో దూరమునుండి చూచిన మామిడిపండునే దగ్గరకుపోయి చేతబట్టినవానికి, చూచిన పండును తాకిన పండును ఒక్కటే యను జ్ఞానము కలుగుచున్నది గదా! కన్ను రూపమునే గ్రహించును, చర్మము స్పర్శనే గ్రహించును. ఆ రెంటిని ముడివేయుట రెంటిలో దేనికిని శక్యము కాదు గనుక, ముడివేయువాడు ఇంద్రియములకన్న వేఱుగా నుండవలెనని సిద్ధాంతము. ఎడమకన్ను చూచినదానిని కుడికన్ను గుర్తించుట మరియొక హేతువు. ముక్కుదూలము నడుమ నడ్డుపడుటచే ఒకే నేత్రము రెండుగా తోచుచున్నదని ప్రతివాది. ఒకటి పోయినను రెండవది నిలుచుటచే రెండేయని సమాధానము. తరువాతి నైయాయికుడగు ఉద్ద్యోతకరుడు మాత్రము ఇచ్చట న్యాయసూత్రముల భాష్యకారునితో విభేదించి నేత్రేంద్రియము ఒక్కటేయనెను. మౌసునకును టచ్‌ప్యాడునకును నడుమ అట్టి ముక్కుదూలము లేదు గనుక మనకు ఆ తగవు అక్కఱలేదు. తీగ తెగిన మౌసు ప్రక్కనుండగనే టచ్‌ప్యాడుతో దరఖాస్తు పూర్తియగును.

అయినను నైయాయికుడు అప్పుడే విజయోత్సవము చేయరాదు. ఆ స్థానమును పట్టియుంచునదేమియని యంత్రమును విప్పిచూచిన, స్థిరమైన ఆత్మను ఒప్పని బౌద్ధునకు కనబడునవి రెండు సంఖ్యలు; ప్రతి కదలికకును పాతది చెఱగి క్రొత్తది పుట్టుచుండును. పూర్వక్షణము ఉత్తరక్షణమునకు కారణమైనచో చాలును, నడుమ నొక స్థిరుడైన యజమాని ఏల యని ఆతడడుగును. ఈ ప్రశ్న బలహీనమైనది కాదు. యంత్రము మట్టుకు చూచిన నేను బౌద్ధుని పక్షమే వహింతును. ఏలయన నందు కూడిక యున్నది గాని, ‘ఇంతకుముందు కదల్చినవాడను నేనే’ యను గుర్తింపు లేదు.

ఆ గుర్తింపు ఎచ్చటిదో తెలిసికొనుటకు వేఱొక ఏర్పాటు తోడ్పడును. లినక్స్ యంత్రములందు తెరను, బాణమును నడపుటకు విరివిగా వాడబడిన ఎక్స్ సర్వరను ప్రోగ్రామునకు 2009లో వచ్చిన మార్పువలన, ఒకే తెరపై మౌసునకొక బాణమును, టచ్‌ప్యాడునకొక బాణమును కేటాయింపవచ్చును. అప్పుడు ఒకటి విడిచిన చోట రెండవది అందుకొనదు. సంఖ్యల జంటలు రెండు, వాని ధారలును రెండు. అయినను ఒక్కడే రెండు చేతులతో రెంటిని నడపునపుడు, ‘రెండును నేనే కదల్చుచున్నాను’ అను జ్ఞానము చీలిపోదు. తెరమీది ఐక్యము తొలగినను నిలిచిన ఈ ఐక్యమునకు సంఖ్యల కూడిక ఆధారము కాజాలదు గనుక, దేనివలన కలిగినదో బౌద్ధుడు వేఱుగా చెప్పవలసియుండును. ఆతడు దేహమందలి సంస్కారముల ధారను చూపును. వాదము మరల మొదటికి వచ్చును. కాని ఆ రెండు బాణములను ఏకకాలమున వేర్వేఱు గడులకు చేర్ప యత్నించినవాడు, ఒకదానిని చూచుచుండగా రెండవది ఎటుపోయెనో ఎఱుగక చేయి నిలుపును. యుగపత్తుగా రెండు జ్ఞానములు పుట్టవనియు, అదియే మనస్సునకు గుర్తనియు గౌతముడు చెప్పిన మాటను, మనస్సు అణుపరిమాణమని తర్కసంగ్రహమున అన్నంభట్టు నిలిపిన మాటను, ఉభయవాదులును ముందు ఇచ్చట పరీక్షించుకొనవచ్చును.