కుదించడం వేరు, వదిలేయడం వేరు

ఇల్లు మారిన వారం పది రోజుల్లో సామాను సర్దుకుంటుంది. పెద్దలు కొత్త వీధికి అలవాటు పడతారు. పసిపిల్లల మనసు మాత్రం అంత తొందరగా సర్దుకోదు. ఆడుకున్న మేడ, చదువుకున్న మూల, పక్కింటి స్నేహితుడు ఒక్కరోజులో దూరమైపోతారు. ఎందుకు దూరమయ్యారో వారికి అర్థం కాదు. అడగడానికి మాటలు కూడా చాలవు.

బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రులకు ఇలాంటప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఆగిపోయిన పాఠాలను మర్నాటి నుంచే పూర్తిగా మొదలుపెట్టాలా? లేక పిల్లలు కుదుటపడే వరకు వారి మానాన వారిని వదిలేయాలా?

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మన కుటుంబాలకు ఈ ప్రశ్న బాగా తెలుసు. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము విధించింది. అది ఏటా పెరిగి 2020 నాటికి 400 రియాళ్ళయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న ఉద్యోగికి అది నెలకు 1600 రియాళ్ళ భారం. చాలామంది భార్యాపిల్లల్ని స్వదేశానికి పంపించి, తాము అక్కడే ఉండిపోయారు. ఇక్కడికొచ్చిన తల్లి ఒంటరిగా ఇల్లు చూసుకోవాలి, గ్యాస్ కనెక్షన్ కోసం, ఆధార్‌లో చిరునామా మార్పు కోసం తిరగాలి, పిల్లలకు చదువూ చెప్పాలి. పిల్లలేమో రోజూ సాయంత్రం అబ్బా ఎప్పుడొస్తారని అడుగుతూనే ఉంటారు.

రెండు అమానతులు

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. వారి కాలం కూడా అమానతే. దాన్ని వృథా చేస్తే రేపు సమాధానం చెప్పుకోవాలన్న భయం విశ్వాసికి ఉండాల్సిందే. అయితే వారి హృదయం కూడా అమానతే కదా! కాలాన్ని కాపాడుతున్నామనుకుని హృదయాన్ని గాయపరిస్తే ఆ లెక్క ఎవరు చెబుతారు?

ఇక్కడ మన మనసును మనం పరీక్షించుకోవాలి. మన తొందర నిజంగా పిల్లల కోసమేనా? చూడవచ్చిన బంధువులు "ఏ క్లాసు చదువుతున్నాడు?" అని అడుగుతారు. పక్కింటి పిల్లవాడు ఎక్కాలు అప్పజెబుతుంటాడు. మన గుండెలో గుబులు మొదలవుతుంది. ఆ గుబులు మనది. దాన్ని తీసుకెళ్ళి ఆరేళ్ళ పిల్లవాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ముహాజిర్లకూ బెంగ కలిగింది

క్రీ.శ. 622లో మక్కా విడిచి మదీనా చేరిన ముహాజిర్ల సంగతి గుర్తుచేసుకుందాం. వారు పరిపూర్ణ విశ్వాసులు, దైవప్రసన్నత కోసం ఇల్లూ వాకిలీ వదులుకున్నవారు. అయినా మదీనాలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంతో మంచం పట్టారు. ఆ జ్వరంలో బిలాల్ (రజి) మక్కా కొండలను, అక్కడి గడ్డిని, నీటిని తలచుకుని బెంగపడ్డారు. హజ్రత్ ఆయిషా (రజి) ఈ విషయాన్ని దైవప్రవక్త (సల్లం)కు తెలియజేశారు. ఆయన వారి బెంగను విశ్వాస లోపంగా ఎంచలేదు. మక్కా మీద ఉన్నంత ప్రేమ, అంతకంటే ఎక్కువ ప్రేమ మదీనా మీద కలిగించమని అల్లాహ్‌ను వేడుకున్నారు.

అంతటి మహనీయులకే పుట్టిన ఊరి మీద బెంగ కలిగితే, మన పసివాళ్ళకు కలగడంలో వింతేముంది? స్థలం మారినప్పుడు కొందరు పిల్లలు మళ్ళీ పక్క తడుపుతారు. కొందరు తల్లి కొంగు వదలరు. నిన్నటిదాకా చదివిన అక్షరాలే గుర్తులేవంటారు. అది మొండితనం కాదు, మాటల్లో చెప్పలేని బెంగ.

పిల్లల దుఃఖం మనకు చిన్నదిగా కనిపిస్తుంది. కానీ అబూ ఉమైర్ అనే బాలుడి పిట్ట చనిపోతే, దైవప్రవక్త (సల్లం) ఆ పిట్ట సంగతి అడిగి అతణ్ణి పలకరించారు. ఒక సమాజాన్నే నడిపిస్తున్న వ్యక్తికి ఒక పసివాడి పిట్ట గురించి అడిగే తీరిక ఉంది. జెడ్డాలో వదిలేసి వచ్చిన బొమ్మ గురించి మన బిడ్డ ఏడిస్తే, వినడానికి మనకు తీరిక లేదా?

ప్రయాణికుని నమాజు నేర్పే పాఠం

అలాగని చదువును పూర్తిగా అటకెక్కించమని కాదు. దీనికి మన ధర్మంలోనే చక్కని పోలిక ఉంది. ప్రయాణికుడు జుహ్ర్, అస్ర్, ఇషా నమాజుల్లో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా కుదించుకుంటాడు. ఫజ్ర్‌లోని రెండు, మగ్రిబ్‌లోని మూడు రకాతులు మాత్రం యథాతథంగా ఉంటాయి. గమ్యం చేరి ఒకచోట స్థిరపడ్డాక మళ్ళీ పూర్తి నమాజు చేస్తాడు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఒక ఊళ్ళో 15 రోజులు, అంతకుమించి ఉండాలని సంకల్పించినవాడికి ఇక కుదింపు లేదు.

ఇందులో ఎంత వివేకం ఉందో చూడండి! కష్టాన్ని గుర్తించి భారం తగ్గించారు, కానీ నమాజును వదిలేయమనలేదు. పైగా ఆ సడలింపు ఎప్పటివరకో ముందే తెలుసు. ఇల్లు మారిన పిల్లల చదువుకూ ఇదే పద్ధతి సరిపోతుంది. కొన్ని పాఠాలు కుదించాలి. ఒకటి రెండు మాత్రం ఎంత చిన్నవైనా రోజూ తప్పకుండా జరగాలి.

ఎలా మొదలుపెట్టాలి?

మొదటి వారం రెండే పనులు చాలు. ఫజ్ర్ తర్వాత, పాత ఇంట్లో చదివినట్టే, తల్లి పక్కన కూర్చుని నాలుగు వాక్యాల ఖుర్ఆన్ పారాయణం. రాత్రి నిద్రకు ముందు ఒక కథ. చోటు మారినా ఈ రెండూ మారలేదని తెలిస్తే బిడ్డకు ధైర్యం వస్తుంది.

మిగిలిన చదువు కొత్త ఊరే చెబుతుంది. కిరాణా కొట్టుకు తీసుకెళ్ళి రూపాయలు లెక్కపెట్టించండి. నిన్నటిదాకా రియాళ్ళు, హలాలాలు చూసిన బిడ్డకు అదే లెక్కల పాఠం. దుకాణం బోర్డు మీద తెలుగు అక్షరాలు చూపించండి. తెలంగాణలో బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. రేపు బడిలో చేర్చినా ఆ అక్షరాలు పనికొస్తాయి. మసీదుకు దారి చూపించి, నాలుగిళ్ళ వారిని పరిచయం చేయండి.

రెండో వారం లెక్కలో, రాతో ఒక్కటి చేర్చండి. మూడో వారం మరొకటి. నెల తిరిగేసరికి పాత దినచర్య చాలావరకు దారిలో పడుతుంది. కొంచెమైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతికరమని ప్రవక్త (సల్లం) బోధించారు కదా!

ఈ నెల రోజుల్లో బిడ్డ భవిష్యత్తేమీ తలకిందులు కాదు. జాతీయ సార్వత్రిక విద్యాలయంలో 3, 5, 8 తరగతులకు సమానమైన మూడు స్థాయిలున్నాయి. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు మన రాష్ట్రాల ఓపెన్ స్కూలు ద్వారా కూడా రాయవచ్చు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది కనుక బడి తలుపూ మూసుకుపోలేదు.

మృదుత్వమా, బద్ధకమా?

చివరిగా ఒక హెచ్చరిక. "పిల్లలు ఇంకా కుదుటపడలేదు" అనే మాట కొన్నాళ్ళకు మన బద్ధకానికి ముసుగుగా మారవచ్చు. రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? మృదుత్వానికి రేపటి అడుగు ఏదో తెలుసు. "వచ్చే సోమవారం నుంచి ఎక్కాలు" అని అది చెప్పగలదు. బద్ధకం "చూద్దాంలే" అంటుంది. ఆరు నెలలైనా పెట్టె విప్పని పుస్తకాలను బిడ్డ బెంగ ఖాతాలో రాయలేం. ప్రయాణం ముగించి ఇంట్లో స్థిరపడినవాడు ఇంకా రెండు రకాతులే చేస్తానంటే చెల్లుతుందా?

ఈ విషయంలో తండ్రి బాధ్యత దూరం వల్ల తగ్గదు. రోజూ ఫోనులో "ఎంత చదివావు?" అని నిలదీయడం కంటే, "ఈరోజు ఏం చూశావు?" అని అడగడం మేలు. తల్లి అలసటను గుర్తించి ఒక మంచి మాట చెప్పడం అంతకంటే మేలు. ఆమె మనసు కుదుటపడితేనే పిల్లల మనసు కుదుటపడుతుంది.

మన పిల్లల కాలాన్నీ, హృదయాన్నీ రెండింటినీ కాపాడే వివేకాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! మన కొత్త ఇళ్ళను వారికి ప్రియమైనవిగా చేయుగాక! ఆమీన్.