నిన్నటి పువ్వు



నవంబరు 2న మృతుల స్మరణదినాన సమాధులపై మనం ఉంచే బంతి, చామంతి పూలు కొద్ది రోజుల్లోనే వాడిపోతాయి. ఇంత అందాన్ని సర్వేశ్వరుడు ఇంత త్వరగా ఎందుకు తీసుకుంటాడని, అయినవారిని పోగొట్టుకున్న మనసు అడుగుతుంది.

జపానులో తరతరాలుగా అందం కోసం పెంచుకొనే అసగావో అనే తీగ ఉంది. దాని పువ్వు తెల్లవారుజామున విచ్చుకొని ఆనాడే ముడుచుకుంటుంది. ఎండకే అలా అవుతుందని అనుకుంటాం. కాని ఆ వాడటాన్ని నడిపించే ప్రొటీను ఒకటి రేకుల్లోనే ఉందని 2014లో అక్కడి శాస్త్రజ్ఞులు తెలిపారు. దానికి 'ఎఫెమెరల్ 1' అని పేరు పెట్టారు. ఆ జన్యువును అణచివేయగా, 13 గంటలకే వాడటం మొదలుపెట్టే పువ్వు 24 గంటలు నిలిచింది. నిన్నటి పువ్వు, నేటి పువ్వు ఒకే తీగపై పక్కపక్కనే కనిపించాయి. అయినా చివరకు అదీ వాడిపోయింది.

పువ్వులు వాడేటప్పుడు రేకుల్లోని ప్రొటీన్లు విడిపోయి అమైనో ఆమ్లాలుగా మారతాయి. ఆ సారం వృథా కాదు. చాలా మొక్కలలో అది ఎదిగే ఇతర భాగాలకు, గింజ కట్టే అండాశయానికి చేరుతుంది. రేకు వాడింది, గింజ బలపడింది.

మన ఇంట్లోని వృద్ధులను ఇప్పుడు చూడండి. అమ్మ చేతుల్లోని సత్తువ ఎక్కడికి పోయింది? మన చదువులోకి, మన సంసారంలోకి కాదా? ఎలాగూ రాలిపోయే వయసే కదా అని ఆమె మందులను, మాటలను నిర్లక్ష్యం చేసేవారికి ఈ పువ్వు సాకు కాదు, తీర్పు. ఒక పువ్వు ఆయుష్షును పదకొండు గంటలు పెంచడానికి మనుషులు అంత శ్రమపడ్డారే! కన్నతల్లి మంచం పక్కన ఒక గంట కూర్చోవడానికి మనకు తీరిక లేదా?

పువ్వు తెలియక ఇస్తుంది. క్రీస్తునాథుడు తెలిసి, ఇష్టపూర్వకంగా ఇచ్చాడు. నేలలో పడి చనిపోయే గోధుమగింజను గూర్చి (యోహాను 12:24) ఆయన చెప్పింది తన మరణాన్ని ఉద్దేశించే. అందుకే మన సమాధుల మీద వాడిన పూలు మాత్రమే కాదు, సిలువ కూడా ఉంది. ఆ సిలువ వెనుక ఉత్థానం ఉంది.

ఈ ఆదివారం పూజ ముగిశాక ఇంట్లోని నిన్నటి పువ్వు దగ్గర కాసేపు కూర్చోండి. ఒకే తీగపై రెండు పువ్వులూ కనిపించనివ్వండి. ప్రభువు మిమ్మును దీవించుగాక! ఆమెన్.