రాజ్యఋణము – ధర్మవిచారము

కల్యాణమున బిజ్జలుని భాండాగారమును బసవేశ్వరుడు నిర్వహించుచుండెను. బొక్కసపు ధనము జంగమార్చనకు తరలిపోవుచున్నదని కొందరు రాజునకు కొండెములు చెప్పిరి. లెక్క చూడగా ధనమేమియు తగ్గలేదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించినాడు. ఈ కథను మహిమగా మాత్రమే వినుట చాలదు. ప్రజాధనమును చేపట్టినవాడు అడిగిన తక్షణమే పెట్టె తెరచి చూపగలిగి యుండవలెనను నీతి అందు కలదు. నేటి ప్రభుత్వములను ఈ గీటురాయిపై పరీక్షించుట అనుచితము కాదు.

ఏటేటా ఆదాయవ్యయముల పట్టికను పార్లమెంటు ముందుంచవలెనని మన రాజ్యాంగపు 112వ అధికరణము విధించినది. కేంద్రము చేయు అప్పునకు హద్దు నిర్ణయించు అధికారమును 292వ అధికరణము పార్లమెంటునకు ఒసగినది. 2003లో ద్రవ్య బాధ్యత, బడ్జెటు నిర్వహణ చట్టము వెలువడినది. నిత్యవ్యయమునకు అప్పు చేయు అలవాటును మాన్పుట దాని ముఖ్యాశయము. గడువులు పలుమార్లు జరిగినవి. తుదకు 2018 నాటి సవరణలో రెవెన్యూ లోటును తొలగించవలెనను లక్ష్యమునే విడిచిరి. 2024-25 నాటికి కేంద్రఋణము స్థూల దేశీయోత్పత్తిలో 40 శాతమును మించరాదని అదే సవరణ నిర్దేశించినది, అదియు నెరవేరలేదు.

ఫలితమును అంకెలే చెప్పుచున్నవి. 2025-26 బడ్జెటు అంచనాలలో కేంద్రపు మొత్తము వ్యయము సుమారు 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందు వడ్డీ 12.76 లక్షల కోట్లు, అనగా నాలుగవ వంతు. ఆ యేటి ద్రవ్యలోటు 15.69 లక్షల కోట్లు. క్రొత్తగా చేయు అప్పులో నూటికి ఎనుబది పాళ్లు పాత అప్పుల వడ్డీకి సమానమగుచున్నది.

అప్పు స్వతః పాపము కాదు. బావి త్రవ్వుటకు రైతు చేసిన అప్పును పంట తీర్చును. విందునకు చేసిన అప్పును బిడ్డలు తీర్తురు. మహమ్మారి వేళ, 2020-21లో, లోటు 9.2 శాతమునకు పెరిగినది. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుటకు ఆనాడు అప్పు చేయుట ఆపద్ధర్మము. ఆపద్ధర్మము నిత్యాచారమైనచో అది ధర్మము కాజాలదు.

అంతకంటె గొప్ప దోషము దాపరికము. ఆహార సబ్సిడీకి కావలసిన ధనమును కేంద్రము పూర్తిగా చెల్లింపక, భారత ఆహార సంస్థచే చిన్న పొదుపుల నిధినుండి అప్పు చేయించుచు వచ్చినది. ఆ అప్పు లోటు లెక్కలో కనబడలేదు. 2021 ఫిబ్రవరి బడ్జెటులో ఆ పద్ధతిని మాని, దానిని లెక్కలోనికి తెచ్చిరి. లోటు పెద్దదిగా కనబడినను అది మెచ్చదగిన పని.

ఈ ఋణములో అధికభాగము దేశములోని వారికే బాకీ గనుక భయము లేదని కొందరందురు. అది కొంతవరకు సత్యము. కాని ప్రభుత్వ బాండ్లను కొనగలిగినవాడు వడ్డీ పుచ్చుకొనును. సబ్బుబిళ్ల కొను కూలివాడును పన్నుగా దానిని చెల్లించును. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒక్కడు కాడు. ఇక రేపు చెల్లింపవలసినవారిలో అనేకులు నేడింకను పుట్టనే లేదు. వారికి వోటు లేదు. సభలో వారి పక్షమున పలుకువాడును లేడు.

శరణులు కాయకమును ముందుంచి, దాసోహమును దాని వెంట నిలిపిరి. తన చెమటతో ఆర్జించినది పంచుట దాసోహము. పరుల రేపటి చెమటను నేడు పంచి కీర్తి గడించుట దాసోహమనిపించుకొనదు. ఉచితముగా ఇత్తుమని వాగ్దానము చేయు నాయకుని ప్రజలు రెండు ప్రశ్నలు అడుగవలెను: ఈ ధనము ఎచటినుండి వచ్చును? దీనిని ఎవరు తీర్తురు? అడుగువారు లేనప్పుడు దాచువారు పెరుగుదురు. బొక్కసపు తాళపుచెవి పాలకుని చేతనున్నను, లెక్క అడుగు బాధ్యత ప్రజలదే.