చెప్పకనే తెలిసిపోయేవి

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని సామెత. కంప్యూటర్ వాళ్ళ దగ్గర మాత్రం ఒక్కోసారి కొత్తే తలనొప్పి. ఏళ్ళ తరబడి చక్కగా నడిచిన పాత ప్రోగ్రాం, కొత్త కంపైలర్ వెర్షన్ రాగానే మొరాయిస్తుంది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారలేదు. మరి తప్పెవరిది? నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణే అయినా, ఈ ప్రశ్న మన కుటుంబాలకూ పనికొస్తుందనిపించింది.

సి భాష 1970ల మొదట్లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేతిలో రూపుదిద్దుకుంది. అందులో ఒక ఫంక్షన్‌ను ముందుగా పరిచయం చెయ్యకుండా వాడినా, "ఇది పూర్ణసంఖ్యనే ఇస్తుందిలే" అనుకుని కంపైలర్ సర్దుకుపోయేది. అప్పటి చాలా యంత్రాల్లో పూర్ణసంఖ్య, మెమరీ చిరునామా ఒకే పరిమాణం కాబట్టి ఇబ్బంది రాలేదు. నేటి 64 బిట్ల యంత్రాల్లో చిరునామాకు 64 బిట్లు, పూర్ణసంఖ్యకు సాధారణంగా 32. పాత ఊహతో పోతే చిరునామా సగానికి తెగి, ప్రోగ్రాం కూలిపోవచ్చు. భాషా ప్రమాణం ఈ వెసులుబాటును 1999లోనే తీసేసింది. జీసీసీ కంపైలర్ మాత్రం చాలాకాలం హెచ్చరికతో సరిపెట్టి, 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి దాన్ని తప్పుగా లెక్కిస్తోంది.

దాన్ని మళ్ళీ వట్టి హెచ్చరికగా మార్చే ఆప్షన్ కూడా ఉంది. కానీ అది ఇన్ఫెక్షన్‌ను వదిలేసి జ్వరం మాత్ర వేసినట్టే. పాతవాణ్ణి తెలివితక్కువవాడనడమూ అన్యాయమే. వైటూకే పని మీద ఈ దేశం వచ్చిన మనవాళ్ళకు తెలుసు: సంవత్సరాన్ని రెండంకెలతో రాసినవాడు, మెమరీ ఖరీదైన రోజుల్లో పొదుపు చేశాడు. సరైన వైద్యం చిన్నదే. అతని ఉద్దేశం తెలుసుకుని, ఆ పరిచయాన్ని ఒక్క లైనులో పైన రాయడం.

మన ఇళ్ళల్లోనూ చెప్పకనే తెలిసిపోయేవి ఎన్నో ఉన్నాయి. ఊళ్ళో నాన్నగారికి సుస్తీ చేస్తే నిర్ణయం ఎవరిదో కాగితం మీద ఉండేది కాదు. పెద్దకొడుకో, బాబాయో చూసుకునేవారు. ఇక్కడ ఐ.సి.యు. బయట డాక్టరు "వెంటిలేటర్ కొనసాగించమంటారా? ఆయన తరఫున ఎవరు మాట్లాడతారు?" అని అడుగుతాడు. డాలస్‌లోని కొడుకు ఒకటంటాడు, హైదరాబాదు నుంచి ఫోనులో కూతురు ఇంకొకటంటుంది. ఇద్దరిదీ ప్రేమే. నాన్నగారి మనసులో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే ఇక్కడ హెల్త్ కేర్ ప్రాక్సీ లాంటి పత్రాలున్నాయి. అలాంటివి రాశారా అని ఆసుపత్రులు వయోజన రోగులను అడగాలని 1990లోనే ఫెడరల్ చట్టం వచ్చింది.

బతికుండగా ఇలాంటి మాట ఎత్తడం అశుభం కాదా అంటారు కొందరు. ఆ సంకోచం ప్రేమలోంచి పుట్టిందే, కాదనను. కానీ అడగకపోతే రేపు మనం ఊహించాలి. వాళ్ళ ప్రాణం విషయంలో మన ఊహ కన్నా వాళ్ళ మాటే పెద్దది కదా!

ఈ పండుగకు పిల్లలందరూ ఇల్లు చేరినప్పుడు, భోజనాలయ్యాక నెమ్మదిగా అడగండి: "అమ్మా, నీకు బాగా లేనప్పుడు నీ తరఫున ఎవరు మాట్లాడాలి? ఏం చెప్పాలి?" ఆమె చెప్పింది మీ రాష్ట్రపు ఫారంలో రాయించండి.