ఈ రూపము ఎవరిది?

పఠన భాగములు: మత్తయి 22:15-22, ఆదికాండము 1:26-27



క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దములో అలెగ్జాండరు చక్రవర్తి ముద్రింపించిన వెండి నాణెములపై ఒక ప్రక్క సింహచర్మము తలపై కప్పుకొనిన హెరాక్లీసు ముఖమును, రెండవ ప్రక్క చేతిపై పక్షిరాజును నిలుపుకొని పీఠముపై కూర్చున్న ద్యుపతియు కనబడుదురు. లుస్త్రవారు బర్నబాకు పెట్టిన పేరు ఈ దేవతదే (అపొ. కార్య. 14:12). అలెగ్జాండరు గతించిన తరువాత అతని సేనాని లూసిమాకసు తన నాణెములపై అలెగ్జాండరు తలకే దేవతల పొట్టేలు కొమ్మును తగిలించెను. ఈలాగు మనుష్యుడు మెల్లగా దేవుని పీఠమెక్కెను.

తరువాత సిరియా నేలిన నాల్గవ అంతియొకస్ తన నాణెములపై తన్ను దేవుడనియు, 'ఎపిఫనీసు', అనగా ప్రత్యక్షమైనవాడనియు వ్రాయించుకొనెను. క్రీ.పూ. 167లో యెరూషలేము దేవాలయమును అపవిత్రపరచినవాడు ఇతడే. మూడేండ్లకు మట్టిలో కలిసెను.

ప్రభువు కాలమున తిబెరి కైసరు దేనారముపై అతడు దైవమైన ఔగుస్తు కుమారుడని యుండెను. ఆ కైసరుల దేనారములు మన నల్లగొండ సీమలోని అక్కనపల్లి మట్టిలో కూడ దొరికినవి. అట్టి నాణెమును చేతపట్టి ప్రభువు రూపమును గూర్చియు పైవ్రాతను గూర్చియు అడిగెను. వెండిపై రాజు రూపమున్నది గనుక వెండి రాజునకు చెల్లును. మరి దేవుని రూపము దేనిపైనున్నది? మనుష్యునిపైననే గదా!

డోర్నకలులో 1939లో ప్రతిష్ఠింపబడిన మన దేవాలయము పేరు ఎపిఫనీ. అంతియొకస్ గర్వించి పెట్టుకొనిన బిరుదును, పశువుల తొట్టిలో పరుండిన శిశువు సత్యముగా ధరించెను. దేవుడు ప్రత్యక్షమైనది బంగారు నాణెముపై కాదు, బీదవాని దేహములో.

కావున మనలను మనము పరీక్షించుకొందము. నాటువేసిన స్త్రీకి కూలి ఇచ్చి ఆమెనే కొన్నట్టు మాటలాడుచున్నామా? అప్పు పడినవానిని సంఘములో వెనుకకు నెట్టుచున్నామా? ఎన్నికలనాడు నోటు పుచ్చుకొని మన మనస్సాక్షిని అమ్ముచున్నామా? బురదలో పడి అరిగిన నాణెమైనను రాజుదే. బురదలో వంగి అరిగిన మనిషియు దేవునివాడే. మన తల్లులు పొయ్యి దగ్గర తీసిపెట్టు పిడికెడు బియ్యము దేవునికి ప్రియమే. అయితే ఆ పిడికిలి గల మనిషినే ఆయన మొదట అడుగుచున్నాడు.

ప్రార్థన: ప్రభువా, మాలో చెరిగిన నీ రూపమును తిరిగి ముద్రింపుము. మా పొరుగువానిలో దానిని చూచు కన్నుల నిమ్ము. ఆమేన్.