ఎరువు వాహనము - ఎల్ల దాటు ధర్మము

పరుల వస్తువు మన చేతిలో నున్నంతసేపు మన ధర్మమెట్టిదను ప్రశ్న మిక్కిలి పాతది. ఎరువుల సొమ్ము బరువుల చేటని మన పెద్దలు దానికి క్లుప్తముగా సమాధానము చెప్పిరి. కాని ఎరువు తెచ్చుకొన్నది నగయో నాగలియో గాక వాహనమై, దానిని నడుపువాడు తన దేశపు టెల్లను దాటి వేఱొక దేశమున ప్రవేశించునపుడు ఈ ప్రశ్న క్రొత్త రూపము దాల్చును. ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు అను ఇరువురితో ఆ వ్యవహారము ముగియదు. దానిని గుఱించి యించుక విచారింతము.

ఎల్ల యననేమో మా నడిగడ్డవారి కొకరు చెప్పనక్కఱలేదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల, ఆలంపురము సీమయు, కృష్ణ కావలనున్న వనపర్తి, నాగర్ కర్నూలు సీమలును 1948 వఱకు నిజాము రాజ్యములోనివి. తుంగభద్ర యావలి యొడ్డున నున్న కర్నూలు మదరాసు రాజధానిలోనిది. ఇరు దరుల భాష యొక్కటే, చుట్టఱికములును ఒక్కటే. అయినను నడుమ కరోడ్‌గిరీ శాఖవారి సుంకమొకటి యుండెను. ఈవల చెల్లునది హాలీ సిక్కా, ఆవల చెల్లునది ఇంగ్లీషు రూపాయి. నేడా యెల్ల లేదు. 2014 జూన్ 2 నుండి నది కిరువైపుల వేఱువేఱు రాష్ట్రములైనను దేశమొక్కటే. మేనమామ కారును మేనల్లుడు గద్వాలనుండి కర్నూలునకు నడుపుకొని పోవచ్చును. నమోదుపత్రము, భీమా, నడుపువాని లైసెన్సు సరిగా నున్న చాలును. పండ్రెండు నెలలకు మించి వాహనమును పొరుగు రాష్ట్రమున నుంచినచో మాత్రము అక్కడ క్రొత్త నమోదు కావలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. ఈ సౌలభ్యమే మనకొక భ్రమను గలిగించుచున్నది. యజమాని సరే యన్నచో సర్వమును సరియే యని మన మనుకొనుచున్నాము.

దేశపు టెల్లవద్ద ఆ భ్రమ విడిపోవును. నేపాళమునకు కారులో పోవువారు ఇన్ని దినములకని భన్సారు చీటి తీసికొనవలెను. మన దేశపు భీమా సామాన్యముగా మన దేశమువఱకే వర్తించును. నేపాళము, భూటాను, బంగ్లాదేశము మున్నగు దేశములకు దానిని పొడిగింపవలెనన్న అదనపు రుసుము చెల్లించి ముందుగనే వ్రాయించుకొనవలెను. దుబాయినుండి ఒమానునకు పరుల కారులో పోవువారు యజమాని సమ్మతిపత్రమును, ఒమానులో చెల్లు భీమాను వెంట నుంచుకొనవలెను. కెనడాలో కాపురమున్న వాడు అమెరికాలో నమోదైన బావమఱది కారును నడుపుకొని యిల్లు చేరబోయిన నింకొక చిక్కు కలదు. యజమాని మనసార నిచ్చినను, కెనడా నివాసి తెచ్చుచున్నాడు గనుక దానిని దిగుమతిగా నెంచి సుంకమువారు పట్టుకొనవచ్చును. అక్కడి ప్రశ్న ఎవరిచ్చిరని కాదు, ఎవరు తెచ్చుచున్నారని.

అట్లు పట్టువడిన కారు నష్ట మెవరిది? ఈ విషయమున మన ధర్మశాస్త్రము చెప్పినది గమనింపదగియున్నది. యాజ్ఞవల్క్యస్మృతి దాచుటకిచ్చిన సొమ్మునకు విధించిన నియమమునే యాచితమునకు, అనగా అడిగి తెచ్చుకొన్న వస్తువునకును విధించినది. పెండ్లి మున్నగు ఉత్సవములకై తెచ్చుకొను వస్త్రాభరణములను మితాక్షర ఇందు కుదాహరణముగా జూపినది. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన ఆ వ్యాఖ్యను పదుమూడవ శతాబ్దిలో కేతన తెనుగు చేసెను. రాజువలన గాని, దైవమువలన గాని, దొంగలవలన గాని వస్తువు పోయినచో పుచ్చుకొన్నవాడు ఇచ్చుకొన నక్కఱలేదని స్మృతి చెప్పినది. అడిగినపు డీయక జాగుచేసినను, అనుమతిలేక తన ప్రయోజనమునకు వాడుకొన్నను తప్పు వానిదే.

ఇక్కడ నొక వాది లేచి, సుంకమువారు పట్టుకొనుట రాజు హరించుటయే గదా, నే నేల యిచ్చుకొనవలెను అని యడుగవచ్చును. ఈ వాదము నిలువదు. రాజదైవముల పేరు చెప్పి స్మృతి విడిచిపెట్టినది, జాగ్రత్తపడినను తప్పింపలేని యాపదను. చీటి లేక ఎల్ల దాటినవాడు ఆపదను తానే పిలిచికొన్నాడు. రాజు చేయి సాచెను, నిజమే, కాని వస్తువును ఆ చేతిలో పెట్టినవాడు వీడు. కావున విలువ నిచ్చుకొనుట వాని విధి. ఎల్ల దాటుదునని ముందుగ చెప్పక తెచ్చుకొన్నచో తప్పు రెండింత లగును. ఊరికని యిచ్చిన సమ్మతి పరదేశమునకు చెల్లదు గదా.

మఱి కొందఱు, అయినవారియొద్ద పత్రమడుగుట అవమానము, స్నేహమున్నచోట సంతకమెందులకు అందురు. ఈ మాట వినుట కింపుగా నుండును గాని దీని భారమంతయు బలహీనునిపైన పడును. పాలమూరు సీమనుండి గల్ఫు దేశములకు పోయి యజమాని కారు నడుపు డ్రైవరును తలచుకొందము. ఎల్ల దాటి రమ్మని యజమాని నోటితో జెప్పును. రేపు వివాదము వచ్చి, నే నట్లు చెప్పలేదు, వాడే తీసికొనిపోయెను అన్నచో, ఆ పరదేశమున ఆ పేదవాని పక్షమున సాక్ష్యమిచ్చున దేది? ఆ కాగితమొక్కటే. మాటకు విలువ గలవాడు దానిని వ్రాసి యిచ్చుటకు జంకడు. పత్రమడుగుట అవిశ్వాసము గాదు, విశ్వాసమును ఎల్ల యావలికి గూడ తీసికొనిపోవు సాధనము.

ఈ న్యాయము ఇంటిలోపల మఱింత యవసరము. నేడు భార్య పేర నమోదైన కార్లు పెక్కు కలవు. భర్త వానిని తనవే యన్నట్లు నడుపుకొనుచు, పరులకిచ్చుచు, ఒక్కమాటయైన నామె నడుగడు. ఆమె సంతకము కావలసివచ్చినపుడు ఇక్కడ పెట్టుమని వ్రేలు చూపును, ఎందులకో చెప్పడు. దుర్భిక్షము, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము - ఈ నాలుగింటి నిమిత్తము భర్త గ్రహించిన స్త్రీధనమును తిరిగి యీయ నక్కఱలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ఆ జాబితాలో విహారయాత్ర లేదు. స్మృతికాలముననే పరిమితమైన అధికారమును మనమీ కాలమున విశాలము చేసికొనుట సిగ్గుచేటు. ఎల్లవద్ద నుద్యోగి, యజమానురాలి సమ్మతి యేదీ యని యడుగుచున్నాడు. ఆ ప్రశ్న మన గడపవద్దనే పుట్టవలసినది.

కడపట మూడవవా డొకడు కలడు. అతడు ఇచ్చినవాడు గాడు, పుచ్చుకొన్నవాడును గాడు. పరదేశపు బాటను నడచిపోవుచు మన చక్రము క్రింద పడిన బాటసారి. భీమా ఎల్లవద్దనే ఆగిపోయినచో వాని గాయమునకు, వాని బిడ్డల యాకలికి బాధ్యు డెవడు? దూరదేశముననున్న యజమాని వానికి దొరకడు. నడిపినవాడు నాలుగు దినములలో తన దేశమునకు మరలిపోవును. యజమాని సమ్మతి మన ఋణములో సగము తీర్చును, ఈ బాటసారికి చేసిన యేర్పాటు తక్కిన సగమును తీర్చును. సమ్మతి అడిగి, పత్రము వ్రాయించి, భీమా పొడిగించి, గడువులోపల వస్తువును యథాతథముగా మరల ముట్టజెప్పుట - ఇవి కచేరీ తంతులని తోచును గాని, వీనిలో ప్రతియొక్కటియు మనకు కనబడని యొక మనుష్యునియెడల చూపవలసిన మర్యాదయే.